గడి

ఉమ్మల్ కువైన్‌లో ఆ గురువారం
మత్స్యశాఖ భవనం రెండో అంతస్తులో
ఏసీ చలికి నా చొక్కాలో ఉప్పు బిరుసెక్కింది.
బల్ల మీద సంద్రాన్ని పరిచారు.
నీలం మీద పన్నెండు ఎర్ర గడులు,
గడికి నాలుగు పంజరాలు,
పంజరానికి ఇన్ని వేల హమ్మూర్ పిల్లలు.
మా ఉప్పాడ వైపు దాన్ని బొంత అంటాం.
అరబ్బీ పేరు పెట్టేసరికి
అదే చేప కాస్త ఖరీదవుతుంది.

పదేళ్ల ప్రణాళిక అది.
మేతకు రాయితీ, పిల్లల కేంద్రానికి భూమి,
మంచుగదులకు కరెంటు, బ్యాంకు అప్పుకు పూచీ.
బయటి చేప దిగుమతి సగానికి సగం తగ్గాలన్న మాట
మూడుచోట్ల లావు అక్షరాల్లో ఉంది.
నేనెందుకు వెళ్లానంటే,
నాచు పట్టిన వల ముక్క చూపించమన్నారు.
చూపించాను.
సంచీలోంచి అది తివాచీ మీదికి కారుతూనే ఉంది,
ఎవరూ ఏమీ అనలేదు, మర్యాదస్తులు.

కిటికీ పక్కన ముసలి నఖోదా ఖల్ఫాన్.
మర్యాదకి పిలిచారు, ఖర్జూరం తింటున్నాడు.
గింజ అరచేతిలోకి ఊసి, లేచి వచ్చి
ఏడో గడి మీద వేలు పెట్టాడు.
"షమాల్ గాలి ఇక్కడే మెడ తిప్పుతుంది.
మా నాన్న లంగరు ఇంకా ఇక్కడే ఉంది, అడుగున."
సలహాదారు కంప్యూటర్ తిప్పి చూపించాడు,
ఉపగ్రహం ఐదేళ్లు చూసిందట, ఏమీ లేదట.
"ఉపగ్రహం లంగరు వెయ్యదు కదా" అన్నాడు ముసలాయన.
వేలు మాత్రం తియ్యలేదు.

నాకు మా మేనమామ ఊరు గుర్తొచ్చింది.
అక్కడికీ ఇలాగే పటం పట్టుకుని వచ్చారు,
చేలను చెరువులని రాసుకుపోయారు.
రొయ్య డబ్బు తెచ్చింది, అబద్ధం ఎందుకు,
అత్త చేతికి గాజులు అప్పుడే పడ్డాయి.
తర్వాత మంచినీళ్లు
ఆటోలో రావడం మొదలైంది,
బిందె ఇంతకని.
ఇదంతా చెప్పాలనిపించింది.
పదకొండేళ్ల నా అరబ్బీలో
వలలు, తాళ్లు, జీతం, సెలవు, ఇవే ఉన్నాయి.
ఊరి బావి లేదు.

అధికారిణి మౌజా వల ముక్కని వేళ్లతో తడిమింది.
గుల్ల గీరుకుని రక్తం చుక్క తేలితే
కాగితం మీద పడకుండా చెయ్యి పక్కకి తీసి అడిగింది:
"ఎన్నాళ్లకోసారి ఉతుకుతారు?"
చలికాలం నెలకి, అన్నాను.
ఎండల్లో వారానికి.
నీళ్లు స్నానాల నీళ్లలా కాగినప్పుడు
పొద్దున ఉతికిన వల సాయంత్రానికే గడ్డం పెంచుతుంది.
వల మూసుకుంటే చేపకి ఊపిరాడదు.
అప్పుడు ముందు మేం దిగుతాం, తర్వాతే లెక్కలు.

ఆమె పట్టిక అటూ ఇటూ వెతికింది.
మేతకి గడి ఉంది. మందుకి ఉంది. డీజిలుకి ఉంది.
చచ్చిన చేపలకి కూడా ముందే ఉంది.
స్కేలు లేకుండా పెన్సిలుతో పక్కన
ఒక గీత లాగింది, వంకరగా.
"పేరు?" అంది.
గరికిన నూకరాజు, అన్నాను.
గదంతా నవ్వింది. ఆమె అడిగింది గడి పేరు.
నేనూ నవ్వాను, ఏం చేస్తాను.
చివరికి ఏం రాసిందో
నేనున్న చోటి నుంచి కనపడలేదు.

శుక్రవారం సెలవు. శనివారం తెల్లారకుండానే
నాలుగో పంజరం దగ్గర దిగాం.
పాటు మీద ఉంది నీరు, వల మాత్రం
నానిన దుప్పటిలా బరువు.
పైకి తేలి ఊపిరి పీల్చుకుంటుంటే
దూరంగా ఖల్ఫాన్ పడవ కనిపించింది.
ఏడో గడి ఉండే చోటే, అంచనాగా.
నీళ్ల మీద ఎర్ర గీతలు ఇంకా పడలేదు.
ఇంజను ఆపి నిలబడి ఉన్నాడు ముసలాయన,
లంగరు వెయ్యకుండా.