ఆరు రియాళ్ల గుడారం

రూవీల మా లాండ్రీ షట్టర్
ఏడాదికి రెండుసార్లే పొద్దంత మూసుంటది.
ప్రతి రంజానుకు మూడు రోజులు మూడు రాత్రులు
పీనుగు లెక్క పండుకుంటుంటి.
ఈసారి లేచి సైకిల్‌కు గాలి కొట్టిన.

ఏడేండ్ల సంది ఈ సైకిల్
నాతో ఎటూ పోలేదు, బట్టలతోనే పోయింది.
వెనుక కడ్డీకి వేలాడే తెల్లని దిష్‌డాషలు,
లోపల మనుషులు లేని మనుషులు,
ముందట నేను, గంట కొట్టుకుంట.

ఖురియాత్ దాకా ఎవరిదో పికప్‌ల సైకిళ్లు పండవెట్టి
అక్కడ దిగినం:
నేను, భీమిలి నూకరాజు, రాయచోటి ఓబులేసు.
ఓబులేసుది బంగ్లా పిల్లగాడు ఎరువిచ్చిన సైకిల్,
సీటు పైకి లేవదు,
తొక్కినప్పుడల్లా మోకాళ్లు హ్యాండిల్‌కు దండం పెడుతయి.
"యాడికి పోతాండామో ఒగసారి చెప్పండప్పా"
అని అడుగుడు, మళ్ల అందరికన్న ముందే ఉరుకుడు.

ఎడమకు సముద్రం.
కుడికి గడ్డిపోచ లేని గుట్టలు,
కాలిన రొట్టెల దొంతర లెక్క.
మాది మెట్‌పల్లి దిక్కు, చెరువులే ఎరుక.
సముద్రం నేను మొదలు చూసింది విమానంల కెళ్లి,
గప్పుడది ఇస్త్రీ చేసిన నీలి చీరె.
దగ్గరికి పోతే ఎన్ని ముడతలు!
చేతులు ఊకుంటలేవు.
"ఏటిరా అలా సూస్తావు, కరవదులే"
అని నవ్విండు నూకరాజు.
నవ్వి, వాడే మస్తుసేపు మాట్లాడలేదు.

దిగుడు వచ్చింది.
బ్రేకు ముట్టలేదు నేను.
వెనుక నలిగేదేం లేదు, నలిగితే నా అంగీ ఒక్కటే.
అయినా నడుము ఇంకా కుడికే ఒరుగుతుంది,
లేని బట్టల బరువుకు.

ఫిన్స్ కాడ ఒక పెద్దమనిషి
పడవల కెళ్లి వల దించుకుంట అడిగిండు:
"టూరిస్టులా?"
ముగ్గురం వెనుకకు తిరిగి చూసినం,
ఎవర్ని అడిగిండా అని.

నాకొచ్చిన అరబ్బీ అంత అంగీల అరబ్బీ.
కాలర్ గట్టిగ, గుండీ ఊడింది, రేపు ఇస్త.
ఊరికెనే వచ్చినం అని చెప్పే మాట
ఏడేండ్లల్ల ఎవరూ నాతోని పలికియ్యలేదు.
చేతులు గాలిల తిప్పిన.
ఆయనకు ఏం సమజైందో ఏమో,
మోచేయంత సూర చేపను నా చేతుల్ల పెట్టిండు.
పేరు హమూద్ అన్నడు. పైసలు వద్దన్నడు.

నూకరాజు దాన్ని కోసిన తీరు చూడాలె.
రేకులకు వెల్డింగు పెట్టే చేయేనా అది?
కారం ఓబులేసు కాడ ఉండె, వాళ్లమ్మ దంచింది.
నెలవంక మేం తినకముందే మునిగింది.

గుడారం నాదే.
నాలుగో ఏడు ఒకనాటి రాత్రి నిలవడే నిద్రవోయిన.
ఇస్త్రిపెట్టె కింద హోటల్ దుప్పటి కమిలింది.
సేటు జీతంల ఆరు రియాళ్లు కోసి
"ఇగ ఇది నీదే" అన్నడు.
అట్ల ఈ దేశంల నాకొక ఆస్తి అయింది.
అంచుకు ఇంకా నంబరున్నది, ఎర్రదారంతోని, నాలుగువందల పదిహేడు.
ఆ గదిల ఎవరు పండుకున్నరో, ఏం కలలు కన్నరో.

తెల్లారంగ కండ్లు తెరిస్తే
సముద్రం మీది పొద్దు దుప్పటిల కెళ్లి వస్తుంది.
నెత్తిమీద ఆ మచ్చ,
ముందు మొన, వెనుక వెడల్పు,
గాలికి లేస్తుంది, పడుతుంది.
"పడవరా" అన్నడు నూకరాజు నిద్రల.
కాదు అందామని నోరు తెరిచిన.
నాకు తెలుసు గద అదేందో,
ఆ రాత్రి బొబ్బ ఇంకా బొటనవేలికి మచ్చయి ఉన్నది.
అనలేదు.

లేచి అలవాటుగ నాలుగు మూలలు కలిపి మడుస్తున్న,
ఓబులేసు గుంజుకున్నడు.
"ఎవురికియ్యాలని? అట్నే సుట్టు."
చుట్టిన. లోపల ఇసుక, రెండు గవ్వలు.
దులుపలేదు.

ఎల్లుండి ఎనిమిదింటికి షట్టర్ లేపాలె.
సూరు ఇంకా దూరమే,
గాలి ఎదురుంగ కొడుతుంది,
నా వెనుక చక్రం కిర్రుమంటుంది.
ఓబులేసు అప్పుడే మలుపు దాటిండు.