మైనస్ ఎనభై

ఫ్రీజర్ తెరిస్తే ముందు పొగ వస్తుంది.
బయట సోహార్‌లో రాత్రి పదకొండుకీ
కారు తలుపు పిడి చేతిని కాలుస్తుంది.
ఇక్కడ నేను రెండు జతల గ్లవ్స్ తొడుక్కుని
మూడేళ్ల కిందటి నెత్తుటి తేటను
వేళ్ల మధ్య కరిగిస్తున్నాను.

కొత్త మెషీన్ వచ్చింది.
నమ్మే ముందు దాన్ని పరీక్షించాలి,
జవాబులు తెలిసిన పాత ట్యూబులతో. రెండొందల నలభై.
"పరీక్షకే పరీక్షా?" అని నవ్వింది రోవీనా.

పాత కిట్ సంగతి నాకు తెలుసు.
అది దొంగను చూడదు,
దొంగ కోసం ఒళ్లు పెట్టుకున్న కావలిని చూస్తుంది.
దొంగ వెళ్లిపోయి ఏళ్లయినా
కావలివాడు కర్ర పట్టుకుని తిరుగుతూనే ఉంటాడు.
వాణ్ణి చూసి, లోపల దొంగ ఉన్నాడని రాసి
స్టాంపు కొట్టేవాళ్లం.
దొంగ మొన్ననే దూరిన ఇంటికి
ఇంకా కావలి లేడు గనక
శుభ్రం అని రాసేవాళ్లం.
దానికీ అదే స్టాంపు.

కొత్తది ఎవర్నీ అడగదు.
వైరస్ రాతలోంచి ఒక ముక్క పట్టుకుని
రెండు చేస్తుంది, నాలుగు చేస్తుంది.
నలభై తిప్పల్లోపు, ఏ కాసిని ఉన్నా
తెర మీద గీత లేస్తుంది.
లేకుంటే పడుకునే ఉంటుంది
బాతినా ఇసుకలా, బల్లపరుపుగా.

నూట పదిహేడో ట్యూబు.
పేర్లుండవు, నంబర్లే.
కానీ మూత మీద ఆ ఏడు నాది,
నడుముకు అడ్డగీత ఉన్న ఏడు.

గుండేటి పోశలింగం. మెట్‌పల్లి అవతల ఏదో ఊరు.
పోర్టులో ఇనుప కడ్డీలు వంచే పని.
నరం దొరక్క రెండుసార్లు పొడిచాను.
"మీది కడప దిక్కా మేడం? మాటల్నే దెలుస్తుంది."
తర్వాత గొంతు తగ్గించి
"ఆ బీమారి నాకుండె. మూడు నెల్లు గోలీలు మింగిన.
పోయిందన్నడు డాక్టరు.
కాయితం రూంల ఉంది, తేవాల్నా?"

ఫారంలో దానికి గడి లేదు.
"ఎందుకన్నా, మెషీనే చెప్తుందిలే" అన్నాను.

మెషీను చెప్పింది.
నేను రాశాను, అన్‌ఫిట్.
పదిరోజుల్లో విమానం ఎక్కించారని
క్యాంపు వంటవాడు తరవాతెప్పుడో చెప్పాడు.
అప్పు ఎంత మిగిలిందో అతనికీ తెలీదు.

రాత్రి ఒకటీ ఇరవై.
ముప్పై తిప్పలు. ముప్పై ఐదు. నలభై.
కంట్రోల్ లేచింది, పక్క ట్యూబు లేచింది,
నూట పదిహేడు లేవలేదు.
మళ్లీ పెట్టాను.
మళ్లీ లేవలేదు.
రోవీనా బొటనవేలు పైకెత్తి చూపించింది.
నిజమే, మెషీను మంచిదని తేలింది.

పాతదానికీ కొత్తదానికీ తేడాలు: పంతొమ్మిది.
పదిహేడు ఇటు, రెండు అటు.
ఆ రెండు ట్యూబుల తాలూకు మనుషులు
ఈ పట్నంలోనే ఎక్కడో
మూడేళ్ల అలసటని ఎండ మీదికి నెడుతూ ఉండుంటారు.
ఎక్సెల్‌లో ఒక్క గడి చాలింది
అందరికీ.

వాడేసిన ట్యూబుల్ని పసుపు డబ్బాలో వేయాలి.
వేశాను, ఒకటి తప్ప.
దాన్ని ఏం చేయాలో తెలియక
మళ్లీ పొగలోకి పెట్టాను.

ఆరింటికి బయట వరస కట్టారు.
అడక్కముందే చొక్కా చేతులు మడుచుకుని.
మొదటివాడు కుర్చీలో కూర్చున్నాడు.
పాత కాయితాలేమైనా ఉన్నాయా,
ఇదివరకు ఏదైనా వైద్యం, అని
అడగడం పూర్తి కాకుండానే
"నహీ మేడం, కుఛ్ నహీ" అన్నాడు,
నా చేతిలో సూది వంక కాదు,
పెన్ను వంక చూస్తూ.