వాడపల్లి, ఒకరు

పందొమ్మిదేండ్లు ఈ ఊరి పేరు అరిచిన.
దామరచర్ల దాటంగనే
కడ్డీ పట్టుకోని, గొంతు చించుకోని
వాడపల్లి, వాడపల్లి, దిగేటోళ్లు ముందలికి రాండ్రి!
నేనెన్నడు దిగలే.

రిటైరైన మూడో నెల
మిర్యాలగూడల బస్సెక్కిన.
ఆధార్ చూపియ్యమన్నది కొత్త పిల్ల.
నా బొటనవేలు ఎరిగిన మిషను
ఆమె వేలు కింద కుయ్యిమని
సున్నా రూపాయలు కక్కింది.
"ఎందరమ్మా?"
ఒకరు, అన్న.
"ఒక్కదానివేనా?" అన్నది పక్క సీటామె.
ఆమె సంచిలకెంచి కోడి గూడ
తలకాయ బయటికి పెట్టి నన్నే చూసింది.

వాడ అంటే ఓడనే సైదమ్మా, అనెటోడు మా తాత.
బందరు నుంచి ఉప్పు పడవలు
ఎదురీది, గడలేసి, తాళ్లేసి గుంజి
ఈ రేవుల దించేటోళ్లట.
మన కుండల దాక సముద్రమే నడిచొచ్చేదట.
తాత సముద్రం చూసినోడు గాదు.
నేను గూడ అంతే,
చూడబోయేటోళ్లకు టికెట్లు కొట్టిన.

దిగిన.
సిమెంటు దుమ్ము కమ్మిన తుమ్మలు,
మూత వడ్డ చాయ్ డబ్బా,
ఏటి దిక్కు అరిగిన మెట్లు.
పంతులొకాయన లేచి నిలబడ్డడు.
నా చేతి సంచి చూసి, గొంతు తగ్గించి
"ఎవరివి తల్లీ?" అన్నడు.

అర్థం కాలే ముందుగాల.
ఆయన వెనుక వరుసల నలుగురు,
గుడ్డ కట్టిన ముంతలు పొట్టకు ఆనించుకోని.
ఇక్కడికి ఒంటరిగ వచ్చేటోళ్లు
ఒంటరిగ రారు,
ఎవరినో ఒకరిని సంచిల తెస్తరు.

"ఎవరివి గావు. చూడనీకి వచ్చిన."
"ఏం చూడనీకి?"
ఏం చెప్పాలె?
సంచిల రెండు జొన్నరొట్టెలు, ఇంత మామిడికాయ తొక్కు.

పడవ మట్టయ్య లెక్క చెప్పిండు:
పదిమందైతే తలకు ముప్పై,
ఒక్కదానివైతే మూడొందలు.
బేరం ఆడలే.
తొమ్మిది ఖాళీ సీట్లకు
నా పైసలతోని టికెట్ తీసుకున్న.

నడుమ ఏట్ల ఇంజను బంజేసిండు.
మూసి నల్లగ వస్తుంది, పట్నమంత కడుక్కోని.
కృష్ణ జరగదు, జాగియ్యదు.
రెండు నీళ్లు చానా దూరం
ఒకే సీట్ల కూసున్న ఎరుకలేనోళ్ల తీరు
మోచేతులు తగలకుండ పోతున్నయి.
"ఆడికి పోయినంక కలుస్తయి" అన్నడు మట్టయ్య.
ఆడికి అంటే ఎక్కడికో ఆయన చూపియ్యలే.

రొట్టె తిన్న.
కృష్ణ దిక్కు వంగి చెయ్యి కడుక్కున్న.
వేళ్ల సందుల ఉప్పు, కారం, నూనె
సన్న తెట్టె లెక్క
బందరు దిక్కు పోయింది.
తాతా, నీ బాకీల ఇంత.

పొద్దుగూకంగ రోడ్డు మీద నిలబడ్డ.
వంతెన దిగి బస్సొచ్చింది,
తలుపు కాడ గదే పిల్ల.
ఈ ఊరి పేరు
నేల మీద నిలబడి వినుడు ఇదే మొదలు.
వాడపల్లి, అన్నది సన్నగ,
ఎవలన్నా నిద్రపోతున్నరేమో అన్నట్టు.

గట్టిగ, బిడ్డా.
ఎనుక సీటోళ్లకు ఇనవడది.