పదకొండు దగ్గర

ఇజ్మీర్, కరాతాష్ పేట, మూడో అంతస్తు.
కిటికీ తెరిస్తే సముద్రం,
మూస్తే ఉల్లిపాయల వేపుడు.

పస్కా మూడోరోజు.
పులియని రొట్టెను పళ్ళెంలో నీళ్ళలోకి జార్చి
మా అత్తగారు జోయా లెక్క మొదలుపెట్టింది:
ఉనో, దోస్, త్రెస్...
ఇరవైకి తీయాలి.
ముందు తీస్తే పుటుక్కున విరుగుతుంది,
ఆలస్యమైతే గుజ్జు.

ఈ ఏడు పదకొండు దగ్గర ఆగిపోయింది.
మళ్ళీ మొదట్నించీ. మళ్ళీ పదకొండే.
నీళ్ళలో రొట్టె తడి కాగితంలా వేలాడుతోంది.
ఆమె నా వైపు చూడలేదు.
నేనూ చూడలేదు.

"పన్నెండు," అన్నాను
నా వచ్చీరాని లదీనోలో,
గరిటె వెతుకుతున్నట్టు నటిస్తూ.
"పదమూడు!" అంది వెంటనే, కసిరినట్టు,
నాకు తెలీదా అన్నట్టు.

ఇంకో రొట్టె. ఈసారి ఇరవై దాకా ఇద్దరం.
కీమా, పార్స్లీ, దంచిన మిరియాలు కూరి మడిచాను.
అంచు చిట్లింది.
గుడ్డుసొనలో ముంచి నూనెలో వేస్తే
చిట్లినచోటే ముందు ఎర్రబడింది.

తొలి వాయి దింపుతుండగా
పై అంతస్తు నెర్మిన్ తలుపు తట్టింది,
ఏటా లాగే ఖాళీ పళ్ళెంతో.
"నాలుగు చాలు జోయా, మేమిద్దరమే."

జోయా వినలేదు.
లెక్కపెట్టకుండా
పళ్ళెం నిండిందాకా పెడుతూనే ఉంది.