సున్నా కూడా రాయాలి

జనవరి. క్రిస్‌ఫీల్డ్ రేవులో మోకుల మీద ఉప్పునీరు గడ్డకట్టి
పట్టుకుంటే పెళుక్కుమంటోంది.
పీతలు బురదలో దూరి నిద్రపోయే కాలం.
కదలవు గనక
మేం లెక్కపెట్టగలిగే కాలం.

పడవ హార్లన్ స్టెర్లింగ్‌ది. డెబ్భై ఒకటి నిండినా
చుక్కాని ఇంకొకరి చేతికివ్వడు.
వెనకాల ఇనప పళ్ళ గొర్రు.
ఒకప్పుడు ఇదే గొర్రుతో, ఇదే బురదలోంచి
చలికాలమంతా పీపాలకు పీపాలు తోడి అమ్మాడు.
ఆ వేట మూసేశారు.
ఇప్పుడు చోటుకొక నిమిషం లాగి
ఎన్నొచ్చాయో చూపించి తిరిగి వదిలినందుకు
రోజుకింతని ఇస్తారు.
"దొంగ చేతికే తాళాలిచ్చారు"
నవ్వితే మీసం మీద మంచు రాలుతుంది.

ఎక్కడ లాగాలో చీటీ తీసినట్టు కంప్యూటర్ తీస్తుంది.
"అక్కడుండవు" అంటాడు.
"అయినా పోదాం" అంటాను.
ఉన్నచోటే వెతికితే
ఈ అఖాతం ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది,
పైపైన చూసిన బియ్యం డబ్బాలా.

ఒక నిమిషం. మోకు పైకి.
బురద, ఆల్చిప్పలు, తుప్పు పట్టిన గాలం.
సున్నా.
మొదటి ఏడు ఆ అంకె వెయ్యడానికి చెయ్యి రాలేదు.
ఖాళీ విస్తరికి ఫొటో తీస్తున్నట్టుండేది.

నూట ఎనభై మూడో చోట పదకొండు.
తొమ్మిది ఆడవి. పొట్ట కింద మూత గుండ్రం తిరిగింది, పెద్దవే.
ఈ ముల్లు కొస నుంచి ఆ ముల్లు కొసకు కొలుస్తాను:
నూట నలభై ఆరు. నూట యాభై రెండు. నూట ముప్ఫై తొమ్మిది.
డెక్కల చివర్లు
నిన్ననే గోరింటాకు పండినంత ఎరుపు.
జన్మకొకసారే జత.
ఆ దాచుకున్నదానితో ఉప్పెక్కువున్న మొగదాకా పోయి
లక్షల్లో గుడ్లు వదలాలి.
నా పట్టికలో ఆమె ఒక పెన్సిల్ గీత.
ఒకటి మాత్రం కంటికాడను
మెల్లగా నా వైపు లేపింది.
పీత కష్టాలు పీతవి.
నాకు నా అంకె కావాలి.

ఏప్రిల్‌లో ఫైర్ స్టేషన్ హాల్లో మీటింగ్.
ఆడపీతలు తగ్గాయన్నాను. బుట్టలు తగ్గించాలన్నాను.
నా అంచనాకు అటూ ఇటూ ఎంత తేడా ఉండొచ్చో
అదీ చెప్పాను. చెప్పకపోతే బాగుండేదేమో.
"మీకే సరిగ్గా తెలీదన్నమాట"
లేచినవాడు కోల్బీ, హార్లన్ మనవడు,
నిరుడే అప్పు చేసి పడవ కొన్నాడు.

వెనక బెంచీలోంచి ముసలాయన:
"సగం చోట్ల ఏమీ రాలేదు. లాగింది నేను."
అంతే, కూర్చున్నాడు.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
కాఫీ మిషన్ ఒకటే గురగురమంటోంది.

బయట ట్రక్కు తలుపు తీస్తూ అడిగాడు:
"నీ అంకె తప్పయితే?"
"వచ్చే జనవరిలో తెలుస్తుంది."
కాసేపు వేళ్ళు మడిచాడు.
"అప్పటికి వాడు
ఎనిమిది వాయిదాలు కట్టాలి."