రెండు సన్నవి

నాపరాయి గనిలో పదారేండ్లు సుత్తి పట్టిన చెయ్యి.
కుడి మణికట్టు ఎడమదాని కన్నా ఒక నంబరు లావు.
ఈ సంగతి నాకు తెలీదు,
ప్రొద్దుటూరు వెండి అంగట్లో ఖాదర్‌వల్లి
కొలత రింగులు తొడిగి చెప్పేదాకా.

చీటీ పాడిన డబ్బులు. బాకీలు కట్టంగా మిగిలినాయి.
"నీకని ఏమన్నా కొనుక్కోప్పా," అన్నది మునెమ్మ.
యర్రగుంట్ల కాన్నుంచి పెన్న దాటేదాకా
బస్సులో నేను మగోళ్ల చేతులే చూసినా.
కండక్టరుకు రాగిది, కీళ్లనొప్పులకంట,
దాని కింద చర్మం పచ్చబడింది.
కాలేజీ పిల్లోనికి నల్లపూసల రబ్బరుది.
ముందు సీట్లో ఒకాయనకు వేలంత లావు బంగారు గొలుసు,
చిల్లరకు చెయ్యి చాపితే బస్సంతా చూడాల.
నా చెయ్యి చూసుకున్నా.
గోర్ల సందుల్లో నల్ల దుమ్ము,
యా సబ్బుకూ పోనిది.

ఖాదర్‌వల్లి ఎర్రగుడ్డ పరిచి ఒక్కోటే పెట్టినాడు.
సింహం తలలది. మర తిప్పి బిగించేది.
కొక్కెం గొలుసుది,
అది వద్దన్నా, సుత్తికి తగులుకుంటే వేలు పోతాది.
లావుదొకటి తొడుక్కున్నా, నూరు గ్రాముల పైమాటే.
చెయ్యి దానంతట అదే కిందికి దిగింది.
అద్దంలో ఎవరో పంచాయితీ చెప్పే మనిషి,
నా చొక్కానే వేసుకోనుండాడు.
"మగోనికి బరువుండాల," అన్నాడు ఖాదర్‌వల్లి.

"ఆ చేతికుండే బరువు చాల్లే అన్నా."

మునెమ్మ ఎవురి వైపూ చూడకుండా అన్నది.
కాటా మింద ఎర్రంకెలు మారి మారి
సున్నా కాడ నిలబడినాయి.
నేను కౌంటరు అద్దం కింద ఉంగరాలు లెక్కపెట్టినా.
పందొమ్మిది.

తర్వాత ఆమే ఏరింది.
సన్నవి రెండు తీసి, ఒకదానికొకటి తగిలించి
చెవి కాడ పెట్టుకునింది,
టెంకాయ ఊపి చూసినట్ల.
"ఇవి."
"ఆడోళ్ల గాజులనుకుంటారమ్మా."
"అనుకోనీ."
"యా చేతికి?"
నేను ఎడమ చెయ్యి చాపినా.
ఆమె కుడిచెయ్యి పట్టుకొని గుడ్డ మింద పెట్టింది.

రాయి కొట్టి కొట్టి గనుపులు మడవవు నాకు.
సబ్బునీళ్లు తెప్పిచ్చింది.
గాజులు తొడిగే ముసలామె మాదిరి
బొటనవేలు లోపలికి మడిచి, పిండి,
నా కండ్లల్లో నీళ్లు తిరిగేదాకా ఎక్కిచ్చింది.
తన చెయ్యి నా చేతిని అంత గట్టిగా పట్టుకోవడం
నాకు గుర్తుండి అదే మొదటిసారి.

సోమారం గని కాడ ఓబన్న కంట్లో పడినాయి.
"ఏం గంగులప్పా, గాజులు తొడుక్కుంటివా?"
గనంతా నవ్వింది.
ఆ మాటకు ఒకప్పుడు
నోటి కన్నా ముందు ఈ చెయ్యే జవాబు చెప్పేది.
"ఆ, తొడుక్కున్నా. మా ఇంటామె తొడిగింది."
పైన గుడ్డపేలిక చుట్టి
సుత్తి ఎత్తినా.
నవ్వు ఇంకా కొంతసేపు రాళ్లల్లో తిరుగుతానే ఉండింది.

రాత్రి. కరెంటు పోయింది.
మునెమ్మ పొయ్యి వెలుగులో జొన్నరొట్టె తడతాంది.
అగ్గిపెట్టె కోసరం అటక మిందికి చెయ్యి లేపినా.
రెండూ జారి ఒకదాని మీదొకటి పడినాయి,
చిన్న చప్పుడు.
పోయినేడు నేను చెయ్యి లేపితే,
దేనికన్నా కానీ, దోమను తోలేదానికన్నా కానీ,
రొట్టె తట్టే చప్పుడు ఆగిపోయేది.
ఈ పొద్దు ఒక్క దెబ్బ తప్పింది. ఒక్కటే.
మళ్లా తట్టింది.

అగ్గిపెట్టె తీసుకొని
చెయ్యి మెల్లగా దించినా,
అవి మోగేటట్ల.