రాక కారణం

గుత్తి కోట కింద, రైలు కట్టకు ఇవతల,
రెండే గదుల పాత మిద్దె.
బోర్డు లేదు. తలుపు చెక్క మీద చాక్‌పీసుతో
'పడక, పొద్దున టిఫిను.'
అద్దె రాసిన చోట మాత్రం
ఎవరి తడిచెయ్యో తుడిచింది.

మాబున్నీ తాళంచెవి ఇవ్వలేదు.
"ఈ తలుపుకు తాళం పట్టదు మేడమా,
గడియ ఉండాది, లోపల్నుంచి ఏసుకోమ్మా."
ద్వారబంధం నా నెత్తికంటే జానెడు తక్కువ.
వాళ్ళ తాత రైలు దొరలకు వండిపెట్టిన ఇల్లంట.
దొరలైనా వంగే వచ్చేవాళ్ళంట.
ఎన్నేళ్ళుగా చెప్తున్న మాటో,
నవ్వు అంచులు అరిగి ఉన్నాయి.

నా సంచిలో ఇత్తడి రాళ్ళు, సీసం, ముద్ర వేసే ఉలి,
రేపు అంగడి వీధిలో పట్టుకోవాల్సిన
దొంగ కాటాల జాబితా.
తూనికలు కొలతల శాఖలో పంతొమ్మిదేళ్ళు.
ఎవరింటికి పోయినా, పెళ్ళివారింటికైనా,
కన్ను ముందు రాయి అడుగున ముద్ర వెతుకుతుంది.

బేతంచెర్ల నాపరాళ్ళ నేల.
చెప్పులు విప్పగానే పగటి ఎండంతా
అరికాళ్ళ గుండా దిగిపోయింది.
పైన గవాచి. వానొస్తే మూసేకి పక్కనే ఒక మూకుడు,
మూకుడు మీద దుమ్ము.
పడుకుంటే ఆ కంతలోంచి నాలుగు నక్షత్రాలు.
కాసేపటికి రెండు. మళ్ళీ ఐదు.
లెక్క తప్పుతున్నది ఆకాశమో, నేనో.

గూడ్సు పోయినప్పుడల్లా
గూట్లో గాజు గ్లాసులు ఒకదాన్నొకటి పట్టుకొని వణుకుతాయి.
నిద్ర పట్టక లైటు వేశాను.
గ్లాసుల వెనక వచ్చిపోయేవాళ్ళ దస్తరం,
ఒక మూలంతా చెదలు చదివేశాయి.
పేరు. ఊరు. రాక కారణం.
'లైను తనిఖీ.' 'లైను తనిఖీ.' 'శనగ బేరం.'
'కోర్టు వాయిదా' అని ఒకే మనిషి ఏడుసార్లు,
ఏడోసారి సంతకం వంకర పోయింది.
'పెండ్లిచూపులు.' దాని కింద వేరే సిరాతో 'కుదరలేదు.'
తర్వాత, తారీఖు మిగలని ఒక వరసలో
సగం పేరు: '...రంగప్ప, పెద్దవడుగూరు.'
రాక కారణం: 'వాన.'

వాన!
ఈ ఊళ్ళో.
వేలు పెట్టి మళ్ళీ చదివాను.
బండి పోయే దూరంలో ఇల్లు పెట్టుకొని
మనిషి కదల్లేనంత వాన.
ఎద్దుల్ని ఎక్కడ కట్టేశాడో.
ఈ గవాచి మీదే మూకుడు టపటపలాడుతుంటే
రాత్రంతా మేలుకొని విన్నాడో.
తెల్లారి ఎంత అడిగారో అద్దె,
బేరమాడకుండా ఇచ్చే ఉంటాడు.

పొద్దున ఉగ్గాని.
మాబున్నీ శేరుతో బొరుగులు కొలిచి నీళ్ళలో పోస్తోంది.
ఇనప శేరు, నడుము దగ్గర సొట్ట.
నా చెయ్యి తనంతట తానే దాని అడుక్కి పోయింది.
ముద్ర పంటిగాటంత మిగిలింది.
ఆమె చూసింది.
"తప్పు కొలతే మేడమా అది.
మా జేజి చేతిలోంచి పడి సొట్ట పోయినాది.
పిడికెడు తగ్గుతాదని, పైన పిడికెడు ఏస్తాము."
అంటూనే వేసింది, చేతివైపు చూడకుండా.

అదే శేరు అంగట్లో దొరికుంటే
ఫైను రాసేదాన్నే.
పుట్నాల పొడి, పచ్చిమిరప ఘాటు,
పక్కన పొగలు కక్కే బజ్జీ.
రెండో వాయి అడక్కుండానే పళ్ళెంలో పడింది.
ఎంత తిన్నానో లెక్కపెట్టలేదు.

పోయే ముందు దస్తరం తెచ్చింది.
పేరు రాశాను. ఊరు రాశాను.
మూడో గడిలో 'తనిఖీ' రాయబోయి
'త' దగ్గర పెన్ను ఆగింది.
"నాకు చదువు రాదు తల్లీ, ఏందో ఒకటి రాయి.
గడి ఖాళీగా మాత్రం ఇడిసిపెట్టొద్దు."
చదువు రాదంది కాబట్టి
ధైర్యంగా రాశాను.

సంచి భుజాన వేసుకొని బయటికొస్తూ
వంగడం మరిచాను.
నుదుటి మీద ఇంకా ఉంది,
ఆ ద్వారబంధం ముద్ర.